చేతి తుపాకీ తూటాలకు ప్రైమర్ ఎంపిక: రీలోడింగ్‌లో నా అనుభవం

టెక్సాస్‌లో నివసించే నేను కొన్నేళ్లుగా నా రివాల్వర్‌కూ రెండు పిస్టళ్లకూ కావలసిన తూటాలను ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్నాను. తూటా అంటే నాలుగు భాగాలు: కేసు అనే ఇత్తడి గొట్టం, మంట పుట్టించే ప్రైమర్, పౌడర్ అనే మందుగుండు, బయటికి దూసుకెళ్లే బుల్లెట్. కాల్చిన తూటాలో మళ్లీ పనికొచ్చేది ఇత్తడి కేసు ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, డై అనే అచ్చులో నొక్కి సరైన కొలతకు తెచ్చి, వాడిన ప్రైమర్‌ను తీసివేసి, కొత్త ప్రైమర్, తూచిన పౌడర్, కొత్త బుల్లెట్ అమరిస్తే అది తిరిగి తూటా అవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు పౌడర్ గురించీ బుల్లెట్ బరువు గురించీ ఎంతో చదువుతారు కానీ, ప్రైమర్ దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో ఏది దొరికితే అది కొనుక్కొస్తారు. మా షూటింగ్ క్లబ్బులో ఈ ధోరణి తరచుగా చూశాను. ప్రైమర్‌ను వేరే రకంతో మార్చడమంటే పౌడర్ పరిమాణాన్ని మార్చినంత తీవ్రంగా తీసుకోవలసిన విషయమని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి నేను ఎలా వచ్చానో, ఇప్పుడు ప్రైమర్ ఎలా ఎంచుకుంటున్నానో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండాలి. కనుక గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న పాఠకులకు ఇది తెలుసుకోవడానికే తప్ప చేయడానికి కాదు. అమెరికాలో సొంత వాడకం కోసం రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కరలేదు, తయారుచేసి అమ్మే వ్యాపారానికి మాత్రం కావాలి. అయితే హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టరీత్యా నేరం. ఆ చట్టం తూటాలకు ఇచ్చిన నిర్వచనంలో పూర్తి తూటాతో పాటు ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ కూడా ఉన్నాయి. అంటే ఒక్క ప్రైమర్ పెట్టె కొని అలమరలో పెట్టుకున్నా ఆ నిషేధం కిందికి వస్తుంది. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి.లో .22 రైఫిల్ కాల్చినప్పుడు మొదలైన ఆసక్తిని గ్రీన్‌కార్డు వచ్చేదాకా నేను పక్కన పెట్టింది ఇందుకే. మన తెలుగువారిలో చాలామందికి ఈ నియమం తెలియదు కనుక ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇక అసలు విషయానికి వస్తే, ప్రైమర్ అనేది ఒక చిన్న లోహపు కప్పు. అందులో కొద్దిపాటి పేలుడు మిశ్రమం, దాన్ని కప్పుతూ పలుచని కాగితం లేదా రేకు, ఆపైన ఆన్విల్ అనే కాళ్లున్న ముక్క ఉంటాయి. ఫైరింగ్ పిన్ బయటి నుంచి కప్పును కొట్టగానే మిశ్రమం కప్పుకూ ఆన్విల్‌కూ మధ్య నలిగి మండుతుంది. ఆ మంట కేసు అడుగున ఉన్న రంధ్రం గుండా లోపలికి దూసుకువెళ్లి పౌడర్‌ను అంటిస్తుంది. ఇప్పుడు దొరికే ప్రైమర్లలో ఎక్కువ వాటికి మూలపదార్థం లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు సమ్మేళనం. ఇక్కడ రీలోడింగ్‌కు వాడేది బాక్సర్ పద్ధతి ప్రైమర్. దాని కేసు అడుగున నడిమధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. బెర్డన్ పద్ధతి కేసులో ఆన్విల్ కేసులోనే భాగంగా ఉండి, సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు పక్కలకు ఉంటాయి. షూటింగ్ రేంజిలో ఏరుకొచ్చిన కేసుల్లో అలాంటిది కలిసిపోతే పాత ప్రైమర్‌ను తీసే పిన్ను విరుగుతుంది. అందుకే ఏరుకొచ్చిన ప్రతి కేసులోకీ టార్చి వేసి చూసుకోవడం మొదట్లోనే అలవాటు చేసుకున్నాను.

చేతి తుపాకులకు రెండు పరిమాణాల ప్రైమర్లున్నాయి. 9 ఎంఎం, .38 స్పెషల్, .357 మాగ్నమ్ వంటి తూటాలకు స్మాల్ పిస్టల్; .45 ఏసీపీ, .44 మాగ్నమ్ వంటివాటికి లార్జ్ పిస్టల్. మొదటిదాని వ్యాసం సుమారు 0.175 అంగుళం, రెండోదానిది 0.210 అంగుళం. అసలు జాగ్రత్త అవసరమయ్యేది రైఫిల్ ప్రైమర్లతో పోల్చినప్పుడు. స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్ ప్రైమర్లు బయటి కొలతల్లో ఒకేలా ఉంటాయి. ఒకదాని చోట మరొకటి చక్కగా కూర్చుంటుంది. తేడా అంతా లోపలే ఉంది. పిస్టల్ ప్రైమర్ కప్పు రేకు సుమారు 0.017 అంగుళం మందమైతే, స్మాల్ రైఫిల్‌ది రకాన్ని బట్టి 0.020 నుంచి 0.025 వరకు ఉంటుంది. చేతి తుపాకీలో ఫైరింగ్ పిన్ దెబ్బ తక్కువ కనుక మందమైన కప్పు ఒక్కోసారి పేలదు. రైఫిల్‌లో పీడనం ఎక్కువ కనుక పలుచని కప్పుకు చిల్లు పడి వేడి వాయువు వెనక్కి తన్నుతుంది. లార్జ్ ప్రైమర్ల సంగతి వేరు. లార్జ్ రైఫిల్ ప్రైమర్ ఎత్తులోనే లార్జ్ పిస్టల్ కంటే పెద్దది కనుక పిస్టల్ కేసులో పెడితే పైకి పొడుచుకుని ఉంటుంది. అది ప్రమాదకరం. పోటీల్లో అధిక పీడనపు లోడ్ల (పౌడర్, బుల్లెట్, ప్రైమర్ కలయికల) కోసం స్మాల్ రైఫిల్ ప్రైమర్లు వాడే అనుభవజ్ఞులున్నారు, కానీ వారు ఆ ప్రైమర్‌తోనే పరీక్షించిన లోడ్ వివరాలను అనుసరిస్తారు. చూసినవారు పేరు మాత్రమే పట్టుకుని అనుకరించడం సరికాదు.

నేను నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు క్లబ్బులో ఎన్నో ఏళ్లుగా రీలోడ్ చేస్తున్న ఒక పెద్దాయన నాకు అప్పుడే ప్రెస్ (తూటా భాగాలను నొక్కి అమర్చే యంత్రం) కొనవద్దని, ముందు రెండు వేర్వేరు ప్రచురణకర్తల లోడింగ్ మాన్యువల్స్ (ఏ తూటాకు ఎంత పౌడర్ వేయాలో చెప్పే పుస్తకాలు) కొని చదవమని చెప్పారు. ఆయన చూపించిన మరో సంగతి నాకు బాగా ఉపయోగపడింది. మాన్యువల్‌లో ఒక్కో లోడ్ పట్టిక పైన పౌడర్ కంటే ముందే కొన్ని వివరాలు ఉంటాయి: ఏ తుపాకీలో లేదా ఏ పరీక్షా బ్యారెల్‌లో కాల్చారు, దాని పొడవెంత, ఏ కంపెనీ కేసు, ఏ ప్రైమర్. చాలామంది ఆ వరుసను దాటేసి నేరుగా గ్రెయిన్ల (పౌడర్ బరువు కొలిచే ప్రమాణం) అంకెల దగ్గరికి వెళతారు. ఆ పట్టికలోని గరిష్ఠ పరిమాణం ఆ ప్రైమర్‌తో కొలిచిన పీడనాన్ని బట్టి నిర్ణయించినది. ప్రైమర్ మారితే ఆ అంకెకు ఉన్న హామీ పోతుంది. కాబట్టి నా మొదటి నియమం చాలా సాదాగా ఉంటుంది: మాన్యువల్‌లో ఏ ప్రైమర్ ఉంటే దాన్నే వెతికి కొంటాను. అది దొరకక అదే తరగతికి చెందిన వేరే కంపెనీ ప్రైమర్ వాడవలసి వస్తే, నేను అప్పటికే స్థిరపరచుకున్న లోడ్‌ను పక్కన పెట్టి, మాన్యువల్‌లోని ప్రారంభ పరిమాణం నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ మళ్లీ వస్తాను.

తరగతి అన్నది ఇక్కడ ముఖ్యం. స్టాండర్డ్, మాగ్నమ్ అని రెండు తరగతులున్నాయి. మాగ్నమ్ ప్రైమర్ మంట ఎక్కువ వేడిగా, ఎక్కువసేపు ఉంటుంది. దాని పేరు చూసి .357 మాగ్నమ్ తూటాకు తప్పనిసరిగా మాగ్నమ్ ప్రైమరే కావాలని అనుకునేవారున్నారు. అసలు నిర్ణయించేది పౌడర్. హెచ్110, వించెస్టర్ 296 వంటి నెమ్మదిగా మండే బాల్ పౌడర్లు తేలికగా అంటుకోవు. వాటికి మాగ్నమ్ ప్రైమర్ కావాలి, లేకపోతే పౌడర్ సగం మండి బుల్లెట్ బ్యారెల్‌లో ఆగిపోయే అవకాశం ఉంది. ఆ పౌడర్లకు గరిష్ఠ పరిమాణం నుంచి పది శాతం తగ్గించి మొదలుపెట్టే సాధారణ నియమం కూడా పనికిరాదు. మూడు శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారు హెచ్చరిక. దీనికి పూర్తిగా వ్యతిరేకం 9 ఎంఎం సంగతి. ఆ కేసులో జాగా తక్కువ, వాడేది వేగంగా మండే పౌడర్, గరిష్ఠ పీడనం 35,000 పిఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). అక్కడ స్టాండర్డ్ ప్రైమర్‌తో పరీక్షించిన గరిష్ఠ లోడ్‌కు మాగ్నమ్ ప్రైమర్ పెడితే పీడనం పరిమితిని దాటవచ్చు. .45 ఏసీపీ గరిష్ఠ పీడనం 21,000 పిఎస్‌ఐ మాత్రమే. అంత తక్కువ పీడనంలో ప్రైమర్ చదునుకావడం వంటి గుర్తులు కనిపించకముందే పరిమితి దాటిపోవచ్చు. అందువల్ల కాల్చిన ప్రైమర్ ముఖం చూసి లోడ్ క్షేమమని తేల్చుకునే పద్ధతిని నేను చేతి తుపాకీ తూటాలకు నమ్మను.

కంపెనీల మధ్య కూడా తేడాలున్నాయి. ఫెడరల్ ప్రైమర్లు మెత్తగా, సున్నితంగా ఉంటాయని, సిసిఐ గట్టిగా ఉంటాయని ఇక్కడ షూటర్లందరూ చెబుతారు. నా తుపాకుల్లోనూ అదే కనిపించింది. ట్రిగ్గర్ తేలికపరచిన రివాల్వర్లలో సుత్తి దెబ్బ బలహీనపడుతుంది కనుక పోటీ షూటర్లు ఫెడరల్ 100 కోసం వెతుకుతారు. నా రివాల్వర్ స్ప్రింగును నేను మార్చలేదు, అందువల్ల అందులో ఏ ప్రైమరైనా పేలుతుంది. తుపాకీని కర్మాగారం నుంచి వచ్చినట్లే ఉంచుకుంటే ప్రైమర్ ఎంపికలో స్వేచ్ఛ ఎక్కువ ఉంటుందన్నది నా అనుభవం. రెమింగ్టన్‌లో 1½ అనే స్మాల్ పిస్టల్ ప్రైమర్ ఉంది; .357 మాగ్నమ్, .40 ఎస్ అండ్ డబ్ల్యు వంటి అధిక పీడనపు తూటాలకు దాన్ని కాక 5½ను వాడమని ఆ కంపెనీయే చెబుతుంది. పెట్టె మీద రెండింటికీ స్మాల్ పిస్టల్ అన్న మాట ఉంటుంది. అందుకే పెట్టె మీది పేరుతో సరిపెట్టుకోకుండా నంబరు చూసి, కంపెనీ సూచనలు చదివిన తర్వాతే కొంటాను.

కేసుల విషయంలో .45 ఏసీపీ ప్రత్యేకంగా ఓపిక కోరుతుంది. సంప్రదాయంగా దీనికి లార్జ్ ప్రైమర్ అయినా, కొన్ని కంపెనీలు స్మాల్ ప్రైమర్ పాకెట్‌తో (ప్రైమర్ కూర్చునే గుంటతో) కూడా .45 కేసులు తయారు చేస్తున్నాయి. రేంజిలో ఏరిన కేసుల్లో రెండూ కలిసి ఉంటాయి. స్మాల్ పాకెట్ ఉన్న కేసులో లార్జ్ ప్రైమర్‌ను ప్రెస్ బలంతో నెడితే అది నలిగి పేలే ప్రమాదం ఉంది. ఒక్కో కేసు అడుగు చూసి రెండు డబ్బాల్లోకి వేరు చేయడం మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాల పని. సైనిక కేసుల్లో ప్రైమర్ చుట్టూ అంచును నొక్కి బిగించి ఉంటారు. ఆ బిగింపును సరిచేసే పరికరంతో తీసేయకుండా కొత్త ప్రైమర్ ఎక్కించకూడదు. పాకెట్ వదులైపోయి ప్రైమర్ బొటనవేలి బలంతోనే దిగిపోతే ఆ కేసు జీవితం ముగిసినట్లే, పాత ఇత్తడిలోకి వేసేస్తాను.

ఈ నియమాలన్నిటికీ అసలు పరీక్ష 2020లో మొదలైన కొరత రోజుల్లో వచ్చింది. అంతకుముందు ఒక్కోటి మూడు నాలుగు సెంట్లకు దొరికిన ప్రైమర్లు దుకాణాల్లో కనిపించడమే మానేశాయి, చేతులు మారే చోట పది సెంట్లు దాటి పలికాయి. అమెరికాలో పెద్ద తయారీదారులు నాలుగే పేర్లు: ఇడాహోలోని లూయిస్టన్‌లో సిసిఐ, మిన్నెసోటాలోని అనోకాలో ఫెడరల్, ఆర్కన్సాలోని లోనోక్‌లో రెమింగ్టన్, ఒలిన్ సంస్థకు చెందిన వించెస్టర్. రెమింగ్టన్ 2020లో దివాలా తీసి, దాని తూటాల విభాగం అప్పటికే సిసిఐ, ఫెడరల్ యజమాని అయిన విస్టా అవుట్‌డోర్ చేతికి వెళ్లింది. ఆ పరిస్థితిలో ఇటలీ, చెక్ రిపబ్లిక్, బ్రెజిల్, బోస్నియా వంటి దేశాల ప్రైమర్లు ఇక్కడి రీలోడింగ్ బల్లల మీదికి ఎక్కువగా వచ్చాయి. చాలా మాన్యువల్స్ పట్టికల్లో ఆ పేర్లు లేవు. మాన్యువల్‌లో ఉన్నదే కొంటానన్న నా నియమం అప్పుడు అలాగే నిలబడలేదు. రీలోడింగ్ ఆపేయాలి, లేదా తెలియని ప్రైమర్‌ను క్రమపద్ధతిలో తెలుసుకోవాలి. నేను కొంతకాలం ఆపి, తర్వాత రెండోది ఎంచుకున్నాను.

కొత్త రకాన్ని పరిశీలించే నా పద్ధతి ఇది. ముందుగా ట్రేలోని ప్రైమర్లను మంచి వెలుగులో చూస్తాను. ఆన్విల్ లేనివి, వంకరగా ఉన్నవి ఉంటే ఆ పెట్టె వాడను. తర్వాత పౌడర్, బుల్లెట్ లేని ఖాళీ కేసుల్లో కొన్ని ప్రైమర్లు ఎక్కించి, రేంజికి తీసుకువెళ్లి, కళ్లకూ చెవులకూ రక్షణ పెట్టుకుని, గురి దిక్కుకే రివాల్వర్ ఉంచి కాలుస్తాను. పేలుతున్నాయా లేదా అన్నది ఇందులో తెలుస్తుంది. ఇక్కడ చిన్న విషయం తెలిసి ఉండాలి: పౌడర్ లేనప్పుడు కేసును వెనక్కి నెట్టే పీడనం ఉండదు కనుక ప్రైమర్ తానే కొద్దిగా వెనక్కి జరిగి సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. అది ప్రైమర్ లోపమూ కాదు, అధిక పీడనానికి గుర్తూ కాదు. ఆ తర్వాత మధ్యరకం వేగంతో మండే పౌడర్‌తో ప్రారంభ పరిమాణంలో కొన్ని తూటాలు కట్టి, అదే కేసు, అదే బుల్లెట్, అదే పౌడర్‌తో నాకు తెలిసిన ప్రైమర్ తూటాల పక్కన పెట్టి క్రోనోగ్రాఫ్ మీద వేగం చూస్తాను. సగటు వేగం ఒక్కసారిగా పెరిగితే పీడనం కూడా పెరిగిందనే భావించి అక్కడే ఆగుతాను. వేగం ఒక తూటాకూ మరో తూటాకూ బాగా మారుతుంటే ఆ ప్రైమర్ ఆ పౌడర్‌ను సమంగా అంటించడం లేదని అర్థం. నేను చూసిన రకాల్లో ఒకటి పాకెట్‌లోకి చాలా బిగువుగా దిగుతోంది. దాన్ని చేతి పరికరంతో నెమ్మదిగా ఎక్కించగలిగాను గానీ వేగంగా నడిచే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో వాడలేదు. మరొకటి నా రివాల్వర్‌లో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. సుత్తికి బదులు స్ట్రైకర్ అనే స్ప్రింగు సూది ఉన్న నా 9 ఎంఎం పిస్టల్‌లో మాత్రం అక్కడక్కడ మొదటి దెబ్బకు పేలలేదు. దాన్ని రివాల్వర్‌కే పరిమితం చేశాను.

మొదటి దెబ్బకు పేలకపోవడానికి కారణం ప్రతిసారీ గట్టి కప్పే కాకపోవచ్చు. ప్రైమర్ పాకెట్ అడుగు దాకా దిగకపోతే ఫైరింగ్ పిన్ బలమంతా దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చవుతుంది. రెండో దెబ్బకు పేలుతుంది. పొడుచుకొచ్చిన ప్రైమర్ వల్ల రివాల్వర్ సిలిండర్ బిగుసుకుంటుంది. ఆటోలోడింగ్ పిస్టల్‌లో స్లైడ్ పూర్తిగా మూసుకోకముందే పేలే ప్రమాదం ఉంది. కేసు అడుగు కంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోతుగా ఉండేలా నేను చూసుకుంటాను. ఎక్కించిన ప్రతి కేసు మీదా వేలు పోనిచ్చి తడుముతాను, తర్వాత చదునైన గాజు మీద నిలబెట్టి ఊగుతుందేమో చూస్తాను. తూటా పూర్తయిన తర్వాత ప్రైమర్ ఎత్తుగా ఉందని తెలిస్తే దాన్ని లోపలికి నెట్టే ప్రయత్నం చేయను; ఆ తూటాను విప్పుతాను. రేంజిలో పేలకపోతే తుపాకీని గురి దిక్కుకే అరనిమిషం ఉంచి, ఆ తర్వాతే తెరుస్తాను. పేలిన శబ్దం మామూలుకంటే బలహీనంగా వినిపిస్తే వెంటనే ఆపి, తూటాలు తీసేసి, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడాలి. పౌడర్ లేకున్నా ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టగలదు, దాని వెనక మరో తూటా కాలిస్తే బ్యారెల్ పగులుతుంది.

నిల్వ విషయంలో నేను ఏ సడలింపూ ఇవ్వను. ప్రైమర్లు కంపెనీ పెట్టెలోనే, ఒకదానికొకటి దూరంగా అమర్చిన ట్రేలలోనే ఉండాలి. వాటిని గాజు సీసాలోకి పోసి పెడితే ఒకటి పేలినప్పుడు మిగతావన్నీ ఒక్కసారిగా పేలతాయి. ఇళ్లలో 10,000 కంటే ఎక్కువ ఉంచరాదన్నది ఇక్కడి అగ్నిరక్షణ ప్రమాణం. నేను అందులో చిన్న భాగమే ఉంచుకుంటాను, అదీ పౌడర్‌కు దూరంగా, వేడి తగలని గదిలో, కనీసం అంగుళం మందం చెక్కతో చేసిన పెట్టెలో. బల్ల మీద ఒకసారికి ఒకే రకం ప్రైమర్, ఒకే ట్రే. రక్షణ కళ్లద్దాలు లేకుండా ప్రెస్ హ్యాండిల్ ముట్టుకోను. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కనుక ఆ గదిలో తినడం, తాగడం లేదు. చిన్నపిల్లలకు అక్కడికి ప్రవేశం లేదు. పని అయ్యాక చేతులు సబ్బుతో చల్లని నీటితో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే హాల్లోకి వస్తాను. డాక్టరుతో చెప్పి ఏటేటా రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటున్నాను, ఈ పని చేసే అందరికీ అదే చెబుతాను.

కొరత రోజుల నుంచి ఎదురవుతున్న మరో సందర్భం గురించి కూడా రాయాలి. ఎవరో వృద్ధుడు చనిపోయాక ఆయన గరాజులోని సామాను అమ్ముతారు. అందులో లేబుల్ లేని డబ్బాలో విడి ప్రైమర్లు చవకగా ఇవ్వజూపుతారు. స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్ కొలతలో ఒకేలా ఉంటాయి కనుక చూసి పోల్చుకోలేము, స్టాండర్డో మాగ్నమో తేల్చలేము, రంగును బట్టి నిర్ధారించడం అసలే కుదరదు. వాటిని నేను తీసుకోను. నూనెలోనో నీళ్లలోనో నానబెడితే నిర్వీర్యమవుతాయన్న మాట కూడా నమ్మదగింది కాదు, ఆరాక మళ్లీ పేలినవి ఉన్నాయి. ఆ ఇంటివారు అడిగితే డబ్బాను కదపకుండా, చెత్తలో వేయకుండా, స్థానిక అగ్నిమాపక శాఖకు అత్యవసరం కాని నంబరులో ఫోన్ చేసి ఏం చేయాలో అడగమని చెబుతాను.